కనిపెట్టుకొని ఉండుట - ధాత కరువు నాటి ఒక కథ



మా పెద్దకడుబూరు ప్రాంతంలో పొలం పని తెలిసినవారి నోట మాటిమాటికీ వినిపించే పదం ఒకటి ఉంది. అది "అదను". ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న మా నల్లరేగడిలో వాన కురిసిన మరునాడే మడక కడితే మట్టి కర్రుకు అంటుకొని ఎద్దులు ముందుకు సాగవు. పది దినాలు ఆలస్యం చేస్తే నేల బిగిసి పెళ్ళలు లేస్తాయి. ఆ రెంటికీ నడుమ కొద్ది దినాలు మాత్రమే నేలలో పదును ఉంటుంది. అవే అదను దినాలు. నిఘంటువు "తగిన సమయము" అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. రైతుకు ఆ మాటలో ఇంకొక అర్థం కూడా ఉంది. అదను వచ్చే నాటికి గొర్రు బాగుచేసి, విత్తనం ఏరి, ఎద్దులను మేపి సిద్ధంగా ఉన్నవానికే అది అదను. సిద్ధంగా లేనివానికి అది ఒట్టి వాన.

మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. నేను చదివినది పండిత శిక్షణ. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని ఒక చేత, బైబిలును ఒక చేత పట్టుకొని పెరిగినవాణ్ణి. అందువల్ల గుడిలో వినే ప్రతి మాటనూ విడదీసి చూడడం నాకు చిన్ననాటి నుండి అలవాటు. మా సంఘాలలో కష్టకాలంలో ఉన్నవారికి చెప్పే మాట ఒకటే: "దేవుని సమయం కోసం కనిపెట్టుకొని ఉండండి." బయటివారికి ఈ వాడుక వింతగా తోచవచ్చు. లోకంలో కనిపెట్టడమంటే తెలియనిదానిని కనుగొనడం, లేదా ఒకరిని విడువక గమనిస్తూ ఉండడం. తెలుగు క్రైస్తవులు మాత్రం దానిని ఎదురుచూచుట అనే అర్థంలో వాడుతారు. నూరేళ్ళకు పైగా ఈ వాడుక నిలిచి ఉంది. "కని", "పెట్టు" అని విడదీసి చూస్తే అందులో కన్ను ఉంది. కన్ను మూసుకొని కూర్చోవడం కనిపెట్టడం కాదు. ఈ సంగతి వ్యాకరణం వల్ల నాకు ముందే తెలిసినా, చరిత్ర వల్ల ఆలస్యంగా తెలిసింది. నా జీవితం వల్ల ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఆ క్రమంలోనే చెబుతాను.

తెలుగు నేలపై "దేవుని సమయము" అనే మాట తలచుకొన్నప్పుడల్లా ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది ఒంగోలు. అమెరికా బాప్టిస్టు మిషను పక్షాన శామ్యూల్ డే అనే ఆయన 1836లో తెలుగుదేశానికి వచ్చాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచాయి. సంఘంలో చేరినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. అదే మిషనువారికి బర్మాలో వేల మంది విశ్వాసులు ఏర్పడ్డారు. ఖర్చు పెట్టే అమెరికావారికి సహజంగానే సందేహం కలిగింది. తెలుగు పనిని మూసివేయాలా అనే ప్రశ్న 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో మరొకసారి వారి ముందుకు వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఎవరో పటం చూపి, ఆ వైపున నెల్లూరు ఒక్కటే చుక్కగా కనిపిస్తున్నదని అన్నారు. ఆ సభకు వచ్చిన కవి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ ఒంటరి నక్షత్రంపై పద్యం వ్రాశాడు. మిషను మూతపడలేదు. నాటి నుండి దానికి "ఒంటరి నక్షత్రం" అనే పేరు నిలిచింది.

మరుసటి ఏడు, 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే ఒంగోలులోని ఒక కొండపైకి ఐదుగురు ఎక్కారు. లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే స్త్రీలు ఇద్దరు. ఈ ప్రాంతానికి ఒక బోధకుణ్ణి పంపమని అక్కడ ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. ఆ బోధకుడు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1862లో ఆరోగ్యం చెడి అమెరికా చేరిన జ్యూయెట్, మీరు ఎవరినీ పంపకపోతే నేనొక్కణ్ణే తిరిగి వెళతానని పట్టుబట్టాడు. ఆయనతో కూడా బయలుదేరి 1865లో మద్రాసులో దిగినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది.

ఇంతవరకు అందరూ చెప్పే కథే. ప్రసంగాలలో ఇక్కడి నుండి ఒక్క గంతులో 1878కి దూకుతారు. నడుమ జరిగినదే నాకు ముఖ్యమనిపిస్తుంది.

క్లౌ దొర ఒంగోలుకు రాకముందే తాళ్ళకొండపాడు అనే పల్లెలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉన్నాడు. తోళ్ళ వ్యాపారం చేసుకొనేవాడు, రాజయోగ సాధన తెలిసినవాడు. సత్యం కోసం తనంతట తాను వెతుకుతూ తిరిగి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. దొరలు వచ్చి అతణ్ణి కనుగొన్నారనడం కంటె, అతడే దొరలను వెతికి పట్టుకొన్నాడనడం న్యాయం. 1866లో బాప్తిస్మం పొందాడు. అతని వెంట ఇతర మాదిగలు రావడం మొదలైంది. అదే కాలంలో పెద్ద కులాలవారు తమ పిల్లలను దొర బడికి పంపుతున్నారు. మాదిగలను చేర్చుకొంటే ఆ పిల్లలు రారు. క్లౌ దంపతులు మాదిగలను చేర్చుకొన్నారు. కులాలవారి పిల్లలు బడి విడిచిపోయారు. నలభై ఏళ్ళు బడిలో గడిపిన నాకు ఆ ఖాళీ బల్లల దృశ్యం కన్నుల కట్టినట్టు ఉంటుంది. "దేవుని సమయము" దానంతట అది రాలేదు. ఒక దినాన ఎవరో ఒకరు ఒక తలుపు మూసి మరొక తలుపు తెరవవలసి వచ్చింది.

ఇక కరువు. 1876లో వానలు తప్పాయి. ఆ ఏడు మన సంవత్సరాలలో ధాత. అందుకే రాయలసీమలో దానిని ధాత కరువు అంటారు. తరువాతి ఏడు ఈశ్వర, ఆపైది బహుధాన్య. సృష్టికర్త పేరు గల ఏట నేల ఎండింది, ఈశ్వరుని పేరు గల ఏట జనం రాలిపోయారు. పేర్లు పెట్టినవారు ఇది ఊహించి ఉండరు. బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షల మందికి పైగా చనిపోయారని లెక్క. మా ఊళ్ళు అప్పటికి బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ కర్నూలు జిల్లాలో కలవలేదు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో మిక్కిలి నష్టపడినవాటిలో ఉన్నాయి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన మాట మా ఇంట్లో మిగిలింది: చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నారట, అవీ అయిపోయిన తరువాత ఎవరు ఎటు పోయారో తెలియదట. ఆదోనికి రైలు 1871 నాటికే వచ్చింది. రైలు ఉన్నది, కొనే డబ్బు లేదు.

ఆనాడు "సమయం కోసం వేచి ఉండండి" అని చెప్పినవారు భక్తులు మాత్రమే కాదు. ప్రభుత్వం కూడా చెప్పింది. వర్తకంలో జోక్యం చేసుకోరాదు, ధరలు పెరిగితే ధాన్యం తానే వస్తుంది అన్నది వారి సిద్ధాంతం. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు వైభవంగా జరిగింది. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. కరువు పనులలో కూలి పెద్దమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర అని నిర్ణయించారు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. దినమంతా మట్టి మోసేవానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆ కొన్ని నెలలలో చనిపోయినవారికి ఆ పెంపుతో పని లేదు. ఓర్పు మంచిదే. అయితే కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి బోధించే ఓర్పునకు వేరే పేరు పెట్టాలి.

ఒంగోలులో క్లౌ దొర ఏమి చేశాడు? యౌవనంలో ఆయన అమెరికాలోని మిన్నెసోటాలో భూమి కొలిచే సర్వేయరు. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. మద్రాసు గవర్నరు పేరుతో పిలిచే బకింగ్‌హాం కాలువను కరువు పనిగా త్రవ్విస్తున్నారు. అందులో మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని ఆయన గుత్తకు తీసుకొన్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపాడు. తక్కిన చోట్ల మేస్త్రీలు మాదిగలను తిట్టి తరిమేవారు, కూలిలో కోత వేసేవారు. ఇక్కడ పార పట్టుకొని వచ్చినవానికి పని, పనికి కూలి. సాయంత్రం పని దిగిన తరువాత కాలువ గట్టున కూర్చొని మాట్లాడుకోవడం. పేరయ్య వంటివారు అప్పటికి పదేళ్ళుగా ఆ పల్లెలన్నీ తిరిగినవారే. మాట చెప్పేవాడూ, మట్టి కొలిచేవాడూ ఒక్కడే అయినప్పుడు మాటకు విలువ వచ్చింది.

ఇక్కడే నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. ఆ కాలువ గట్టు నుండి జనం వందలుగా వచ్చి బాప్తిస్మం అడిగారు. నలభై ఏళ్ళుగా ఆ మిషను ఎదురుచూచిన దినం అదే. అమెరికాలో మూడుసార్లు మూసివేయబోయిన పని అది. అటువంటి దినం వచ్చినప్పుడు క్లౌ దొర "ఇప్పుడు కాదు" అన్నాడు. 1877 మార్చి మొదలు పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి చేతిలో పెట్టేవాడే బాప్తిస్మం కూడా ఇస్తే, వచ్చినవాడు అన్నం కోసం వచ్చాడో విశ్వాసంతో వచ్చాడో వచ్చినవానికే తెలియకపోవచ్చు. ఆకలిని అదనుగా వాడుకోరాదని ఆయన భావించాడు. ముందు తిండి. తక్కినది కరువు తీరిన తరువాత.

నలభై ఏళ్ళు దేవుని కోసం మనుషులు ఎదురుచూచారు. పంట చేతికి వచ్చే వేళకు మనుషుల కోసం పంటనే ఎదురుచూడమన్నారు. ఈ రెండవ నిరీక్షణ మొదటిదానికంటె కష్టమైనదని నా అభిప్రాయం.

1878 నడిమికి సహాయ నిధులు ముగింపునకు వచ్చాయి. ఇక ఇచ్చే డబ్బు లేదని చెప్పినా జనం విడువలేదు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమికూడారు. మాకు డబ్బు అక్కరలేదు, సంఘంలో చేర్చుకోండి అన్నది వారి మాటల సారాంశం. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినాలలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. నడిమి దినాన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలో నిలిచి ఆ పని జరిపారు. ఆ ఏడు ముగిసేసరికి సంఖ్య 9,606కు చేరింది. ఆ ఏడు పేరు బహుధాన్య.

ఈ సంఖ్యలను చూచి పొంగిపోయేవారున్నారు, అనుమానించేవారున్నారు. అన్నం కోసం మతం మారినవారు అనే మాట ఆనాడే పుట్టింది. పదిహేను నెలల విరామం ఆ మాటకు కొంత సమాధానం. సంపూర్ణ సమాధానం కాదు. ఎందుకంటే వెట్టి, అంటరానితనం అనే కరువులు 1878లో తీరలేదు. మనిషిగా చూచిన చోటికి మనిషి వెళ్ళడం ఆకలికి లోబడడం అనుకోను. అది వేరే లెక్క.

అయితే మా సంఘాలలో ఈ కథను ఉపదేశంగా చెప్పేటప్పుడు ఒకటి విడిచిపెడతారు. "చూడండి, ఇరవై నాలుగేళ్ళకు కొండ మీది ప్రార్థన ఫలించింది" అంటారు. జ్యూయెట్ దొర అది చూచాడు, నిజమే. శామ్యూల్ డే చూడలేదు. ఆయన 1871లోనే కన్నుమూశాడు. కాలువ గట్టు దాకా నడవలేక దారిలో పడిపోయినవారు చూడలేదు. మా అవ్వ చెప్పిన ఆ చింతగింజలవారు చూడలేదు. అందరి కథలూ బహుధాన్య దాకా సాగవు. దేవుని కాలంపై నమ్మకం ఉంచమని చెప్పేవాడు వీరిని కూడా లెక్కలో ఉంచుకొని చెప్పాలి. లేకపోతే అది నమ్మకం కాదు, గెలిచినవారి కథ మాత్రమే. వారిని లెక్కలో ఉంచుకొని కూడా నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నావని అడిగితే పండితుని జవాబు నా దగ్గర లేదు. ప్రసంగి గ్రంథం ప్రతిదానికీ ఒక కాలం ఉన్నదని చెప్పి, ఆ కాలాల మొదలూ తుదీ మనిషికి అందవని కూడా వెంటనే చెబుతుంది. మొదటి మాటనే అందరూ గుర్తుంచుకొంటారు.

ఇప్పుడు నా సంగతి. చెప్పకుండా ముగిస్తే పైన వ్రాసినదంతా పాఠం చెప్పినట్టే అవుతుంది.

మా ప్రాంతంలో "సుగ్గి" అనే మాట ఉంది. కన్నడంలో అది పంట కోతల కాలం, పండుగ కాలం. మా పడమటి కర్నూలులో సుగ్గికి పోవడమంటే పని వెతుక్కుంటూ వలస పోవడం. ఇక్కడి ముంగారి పైరు చేతికి రాకపోతే, వచ్చినా అప్పులకు చాలకపోతే, మూటాముల్లె కట్టుకొని పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ధాత కరువు నాటి కాలువ గట్టుకు అది ఎంతో దూరం కాదు.

చాలా ఏళ్ళ క్రిందట నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఎనిమిదవ తరగతి. పద్యం ఒకసారి వింటే యతి ఎక్కడ తప్పిందో చెప్పగలిగే చెవి. అటువంటి చెవి నా ఉద్యోగ జీవితంలో ముగ్గురికో నలుగురికో చూచాను. సంక్రాంతి తరువాత ఒక సాయంత్రం వాళ్ళ అమ్మ మా ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడింది. మా సంఘపు మనిషే.

"సారూ, మేము సుగ్గికి పోతాండాము. బిడ్డను యాడన్నా హాస్టల్లో ఏస్తే సదువుకుంటాది. మీరు ఒక మాట రాసిస్తే..."

నాకు ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. ఆదోనికి పోయి ఒక అధికారిని కలవాలి, అర్జీ వ్రాయాలి, విద్యాసంవత్సరం నడుమ సీటు ఇస్తారో ఇవ్వరో తెలియదు. నేను అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"దేవుడు తగిన కాలంలో దారి చూపుతాడమ్మా. ప్రార్థన చేస్తాను."

ప్రార్థన చేశాను కూడా. అబద్ధమాడలేదు. ఆమె తల వంచుకొని "సరే సారూ" అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల వాళ్ళతో పాటు మిరప కోతకు పోయింది. వేసవి తరువాత బడికి రాలేదు. మరుసటి ఏడు పెళ్ళి చేశారని విన్నాను.

నేను ఆనాడు చేసిన తప్పు దేవుని సమయాన్ని నమ్మడం కాదు. అదను నా గడప దగ్గరకు వచ్చి నిలబడితే గుర్తుపట్టకపోవడం. ఆమె వచ్చినదే ఆ సమయం. దారి చూపమని ఆమె అడిగింది దేవుణ్ణి కాదు, నన్ను. నేను దానిని దేవునిపైకి తోశాను. మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వించిన మనిషిని గురించి ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి, అరకాగితం అర్జీ వ్రాయలేకపోయాను.

పదవీ విరమణ తరువాత ఒకనాడు ఆదోని బస్టాండులో ఒకామె నా ఎదుటికి వచ్చి నిలబడి చేతులు జోడించింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే చెప్పుకొంది. చేతులకు మిరప కోతల నలుపు. పక్కన పదకొండు పన్నెండేళ్ళ పాప, భుజాన కొత్త సంచి.

"బాగుండారా సారూ? ఈ బిడ్డను హాస్టల్లో ఏసేకి పోతాండా. సుగ్గికి పిల్చకపోను."

సీటు ఎలా దొరికిందని అడిగాను. ఆఫీసు చుట్టూ నాలుగు దినాలు కూలి పోగొట్టుకొని తిరిగిందట. ఆమె మాటలో నాపై ఏ నిష్ఠూరమూ లేదు. ఆ సాయంత్రపు సంగతి ఆమెకు తెలుసో తెలియదో నేను అడగలేదు. బస్సు వచ్చింది. పాప చేత నమస్కారం పెట్టించి ఎక్కింది.

ఇంటికి వచ్చిన తరువాత చాలాసేపు కూర్చొన్నాను. ఆమె కనిపెట్టుకొని ఉంది. ఆ మాటకు నాకు తెలిసిన అర్థాలన్నిటితోనూ.

అప్పటి నుండి ఒక పని పెట్టుకొన్నాను. సుగ్గి మొదలయ్యే ముందు, దీపావళి దాటగానే, మా చుట్టుపక్కల పల్లెలలో బడి పిల్లలున్న ఇళ్ళకు వెళ్ళి ఎవరు పోతున్నారో అడిగి, హాస్టలు అర్జీలు వ్రాసి పెడుతున్నాను. కొన్ని ఫలిస్తాయి, కొన్ని ఫలించవు. సంఖ్య చెప్పుకోదగినది కాదు. ఆదోనికి పోయే బస్సులో ఆ కాగితాలు ఒడిలో పెట్టుకొని ప్రార్థన చేస్తాను. ఈ మధ్య నా ప్రార్థన అక్కడే, బస్సు దిగేలోపలే ముగుస్తున్నది.

మీ ఊళ్ళలో ధాత కరువును గురించి పెద్దలు చెప్పిన మాటలు ఏవైనా మిగిలి ఉంటే దయచేసి వ్రాయండి. చెప్పేవారు తగ్గిపోతున్నారు.